పక్కింటి సెన్యోరా దగ్గర అరేపా నేర్చుకున్నాను

అరేపా అంటే వెనిజులా వాళ్ల మందపాటి మొక్కజొన్న రొట్టె. అది చేయబోయి మొదటిసారి నేను పిండే తప్పు తెచ్చాను. దుకాణంలో మొక్కజొన్న పిండి సంచులు నాలుగైదు రకాలున్నాయి. చేతికందిన ఒకటి తీసుకుని, ఫోన్‌లో చూసిన కొలతల ప్రకారం కలిపి, పెనం మీద వేశాను. రొట్టెల అంచులు నెర్రెలు విచ్చాయి. లోపల జిగురుగా, ముద్దగా ఉండిపోయింది. అన్నిటికంటే వాసన వేరుగా ఉంది. నేను అంతకుముందు తిన్న అరేపాలో లేని సున్నం వాసన అది.

మేం ఉండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్‌కి పడమట ఉన్న కేటీ అనే ఊళ్లో. ఇక్కడ వెనిజులా వాళ్లు ఎంతమంది ఉన్నారంటే, ఊరికి 'కేటీజులా' అని ఒక ముద్దుపేరు కూడా ఉంది. తెలుగువాళ్లమూ తక్కువేం లేము. మాకు ఎడమ పక్క ఇల్లు నల్గొండ వాళ్లది. కుడి పక్క ఇల్లు బార్కిసిమేతో అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. ఆవిడకి డెబ్బై దాటాయి. నేను సెన్యోరా అని పిలుస్తాను, స్పానిష్‌లో 'అమ్మగారూ' అన్నట్టు. ఆవిడ నన్ను 'మీహా' అంటారు, అంటే 'బిడ్డా' అన్నట్టు. ఆవిడకి ఇంగ్లీషు కొంచెమే వచ్చు, నాకు స్పానిష్ అసలే రాదు. అయినా ఇన్నేళ్లలో మాట ఆగిపోయిన సందర్భం నాకు గుర్తులేదు.

మా పాప పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆవిడ ఒక గుడ్డలో చుట్టి ఆరు అరేపాలు తెచ్చారు. ఇంకా వేడిగా ఉన్నాయి. పైన పెళపెళలాడే పెంకు, లోపల మెత్తటి మొక్కజొన్న, మధ్యలో పీచులు పీచులుగా విడిపోయిన మాంసం. నాకు ఆ వారమంతా నోరు చేదుగా ఉండేది. ఆ పూట రెండు తిన్నాను. ఆ రుచి ఇంట్లో రావాలని అప్పుడే అనుకున్నాను కానీ, చంటిపిల్లతో కుదరక రెండేళ్లు గడిచిపోయాయి. తీరా మొదలుపెడితే మొదటి ప్రయత్నం ఇలా అయింది.

చెడిపోయిన రొట్టె ఒకటి పళ్లెంలో పెట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్లాను. తుంచి వాసన చూసి, "ఇది టోర్టీయా పిండి మీహా" అన్నారు. మెక్సికో వాళ్లు మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బి పిండి చేస్తారు. టోర్టీయా అనే వాళ్ల పలచటి రొట్టెకి ఆ వాసనే అందం. అరేపా పిండిలో సున్నం ఉండదు. మన దగ్గర దొరికే మామూలు మొక్కజొన్న పిండి కూడా దీనికి పనికిరాదు. అది పచ్చి గింజని ఆడించిన పిండి కాబట్టి ముద్ద కట్టదు. అరేపా పిండి అంటే పొట్టు తీసి, ఉడికించి, ఆరబెట్టి ఆడించినది. ఒకసారి ఉడికింది కాబట్టి గోరువెచ్చని నీళ్లు తగలగానే పీల్చుకుని తనంత తానే అతుక్కుంటుంది. ఆవిడ అలమర తెరిచి పసుపుపచ్చ సంచి ఒకటి తీసి చూపించారు. దాని మీద తలకి చుక్కల రుమాలు కట్టుకున్న ఒక ఆవిడ బొమ్మ ఉంది. పేరు పాన్. వెనిజులా వాళ్ల ఇళ్లలో ఉప్పు డబ్బా ఎలా ఉంటుందో ఆ సంచి అలా ఉంటుందట.

ఆ పిండి రాకముందు సంగతి కూడా ఆవిడే చెప్పారు. వాళ్ల అమ్మమ్మ కాలంలో ఎండు మొక్కజొన్నల్ని 'పిలోన్'లో పోసి దంచేవాళ్లు. పిలోన్ అంటే చెట్టు మొద్దుని తొలిచి చేసిన పెద్ద రోలు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తారు. పొట్టు, మొలక ఊడిపోయాక చెరిగి, ఉడకబెట్టి, రుబ్బి, అప్పుడు రొట్టె చేయాలి. తెల్లవారి తినే రొట్టెకి ముందు రోజే పని మొదలయ్యేది. దంచేటప్పుడు పాడుకునే పాటలు వాళ్లకీ ఉన్నాయి, మన రోకటి పాటల్లాగే. ఆవిడ రెండు చేతులూ కలిపి గాలిలో రోకలి ఎత్తి దించుతూ ఒక చరణం పాడారు. మాటలు నాకు అర్థం కాలేదు, కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, దెబ్బ ఎక్కడ పడాలో తెలిసిపోయింది. మా నాయనమ్మ జగిత్యాలలో వడ్లు దంచుతుంటే చిన్నప్పుడు చూసినదాన్ని నేను.

ఉడికించి ఆరబెట్టిన పిండి తయారుచేసే పద్ధతికి లూయిస్ కబయేరో మెహియాస్ అనే వెనిజులా ఇంజనీరు 1954లో పేటెంట్ తీసుకున్నారు. 1960లో పోలార్ కంపెనీ పాన్ పేరుతో పిండిని బజారులోకి తెచ్చింది. అరగంటలో అరేపా చేసుకోవచ్చంటే ఆ ఇళ్లలో ఆడవాళ్లకి ఎంత వెసులుబాటు వచ్చి ఉంటుందో ఊహించగలను. మా అమ్మ ఇంట్లోకి గ్రైండర్ వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

"శనివారం రా, మాంసంతో మొదలుపెడదాం" అన్నారు సెన్యోరా. అరేపా అరగంట పనే, లోపలి మాంసం మాత్రం సగం పూట పని.

ఆ మాంసం పేరు కార్నె మెచాదా. పీచులుగా విడదీసిన గొడ్డుమాంసం. నేను, మా ఆయన తింటాం కాబట్టి ఇబ్బంది లేదు. తినని వాళ్లు ఏం చేసుకోవచ్చో తర్వాత చెప్తాను. దీనికి పశువు డొక్క కింద ఉండే ముక్క కావాలి. ఇక్కడి దుకాణాల్లో ఫ్లాంక్ అంటారు, ఆవిడ ఫాల్దా అన్నారు. పలచగా, బల్లపరుపుగా, పొడవాటి పీచుతో ఉంటుంది. ఆ పీచే దీని ప్రాణం. కొవ్వు ఎక్కువున్న భుజం ముక్క రుచిగానే ఉంటుంది కానీ విడదీస్తే దారాల్లా రాదు, పొడిపొడిగా రాలిపోతుంది. మేం రెండు పౌండ్లు తీసుకున్నాం, కిలోకి కాస్త తక్కువ. దాన్ని పీచుకి అడ్డంగా మూడు ముక్కలు కోశారు. ఒక్కో ముక్క నాలుగు వేళ్ల వెడల్పు. తర్వాత విడదీసినప్పుడు దారం అంతే పొడుగు వస్తుంది. ఇంకా పొడుగైతే కొరికినప్పుడు అరేపాలో ఉన్నదంతా ఒక్కసారే నోట్లోకి వచ్చేస్తుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో ముక్కలు పెట్టి, మునిగేటన్ని నీళ్లు పోసి, సగానికి కోసిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక బిర్యానీ ఆకు, ఉప్పు వేశారు. పొంగు రాగానే పైన తేలిన నురుగు తీసేసి మంట బాగా తగ్గించారు. నీళ్లు తెర్లకూడదు. అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వస్తే చాలు. నాకు కుక్కర్ అలవాటు. ఎందుకు ఇంతసేపు అని అడిగాను. కుక్కర్ వాళ్ల దేశంలోనూ ప్రతి ఇంట్లో ఉంటుంది, వారం మధ్యలో ఆవిడా కుక్కర్లోనే పెడతారు. కానీ నేర్చుకునేటప్పుడు మూత తీసి చూస్తూ ఉండాలి, మాంసం ఎప్పుడు మారుతుందో చేతికి తెలియాలి అన్నారు. గంట దాటాక ఫోర్కుతో గుచ్చితే ముక్క ఇంకా గట్టిగా, ముందుకంటే గట్టిగా ఉంది. నాకు టెన్షన్ వచ్చింది. రెండు గంటలకి కొంచెం లొంగింది. రెండున్నర దాటాక ఫోర్కు తిప్పితే పీచు విడిపోయింది. మాంసంలో పీచుల్ని కట్టి ఉంచే పొర నిదానమైన వేడికే కరిగి జిగురవుతుంది. పెద్ద మంట పెడితే అది కరిగే లోపే పీచులు బిగుసుకుని రసం వదిలేస్తాయి. కూర మెత్తగా ఉడికినా పొడిపొడిగా అనిపించేది అందుకే. నాకు ఇది మన మటన్ కూరకి కూడా పనికొచ్చింది.

ఆ మూడు గంటల్లో ఆవిడ చాలా మాట్లాడారు. వాళ్లాయన చమురు రంగంలో ఇంజనీరు. 2002 డిసెంబర్‌లో మొదలై 2003 ఫిబ్రవరి దాకా సాగిన సమ్మె తర్వాత ఆ దేశ చమురు రంగంలో పద్దెనిమిది వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆయన వాళ్లలో ఒకరు. చమురు పని తెలిసిన వాళ్లు హ్యూస్టన్ దారి పట్టడం సహజమే. అలా ఈ ఊరు చేరారు. చెల్లెలు అక్కడే ఉండిపోయారు. 2015, 2016 సంవత్సరాల్లో అక్కడ ఈ పసుపు సంచి కోసం జనం తెల్లవారకముందే వరుసల్లో నిలబడేవాళ్లు. సెన్యోరా ఇక్కడి నుంచి అట్టపెట్టెల్లో పిండి పంపేవారు, మందులు, సబ్బులతో కలిపి. "అక్కడ పండే గింజ, అక్కడ పుట్టిన పిండి. దాన్ని నేను టెక్సాస్ నుంచి పంపాను" అన్నారు. అలా అంటూనే లేచి మంట ఇంకొంచెం తగ్గించారు. ఇప్పటివరకు 70 లక్షల మందికి పైగా వెనిజులా వదిలి వెళ్లారు. వాళ్లు వెళ్లిన ప్రతి చోటికీ ఈ రొట్టె కూడా వెళ్లింది. పెనం, నీళ్లు, ఉప్పు, ఒక సంచి పిండి ఉంటే చాలు కదా.

మాంసం దింపి, చేయి పట్టేంత చల్లారాక ఇద్దరం కూర్చుని విడదీశాం. ఫోర్కుతో కూడా వస్తుంది కానీ చేత్తోనే బాగుంటుంది. పూర్తిగా చల్లారితే మళ్లీ బిగుస్తుంది, అందుకే గోరువెచ్చగా ఉండగానే పని ముగించాలి. చింతపండు పీచు తీసేటప్పుడు వేళ్లు ఎలా కదులుతాయో ఇక్కడా అలాగే. ఉడికించిన నీళ్లు పారబోయకూడదు, వడకట్టి పక్కన పెట్టాలి.

ఇక తాలింపు. నూనెలో ముందుగా ఒనోతో గింజలు వేశారు. చూడగానే గుర్తుపట్టాను, ఇవి మన జాఫ్రా గింజలు! ఉత్తరాంధ్ర ఏజెన్సీ ఊళ్లలో వీటి తోటలున్నాయి. వెన్నకీ చీజ్‌కీ రంగు కోసం వాడతారని చిన్నప్పుడు విన్నాను తప్ప వంటింట్లో ఎప్పుడూ చూడలేదు. చెట్టు అసలు ఆ ఖండానిదే. సన్న మంట మీద రెండు మూడు నిమిషాలకే నూనె ఎర్రబంగారంలా మారింది. వెంటనే గింజలు తీసేశారు. నల్లబడితే చేదెక్కుతుంది. ఆ నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఎర్ర క్యాప్సికం, వెల్లుల్లి, తర్వాత 'అహీ దూల్సె'. ఈ మిరపకాయ గురించి ఆగి చెప్పాలి. చూడటానికి అచ్చం హబనేరోలా, ముడతలు పడి, చిన్న గుమ్మడికాయలా ఉంటుంది. హబనేరో ఎంత మంటో తెలిసిన నేను వెనక్కి జరిగాను. ఆవిడ ఒక కాయ తుంచి సగం తన నోట్లో వేసుకుని, సగం నా చేతిలో పెట్టారు. మంట లేదు. పొగలాంటి, పండులాంటి ఒక సువాసన మాత్రం ముక్కుదాకా వచ్చింది. వెనిజులా వంట వాసన అంటే ఇదేనని ఆవిడ అన్నారు. ఇక్కడి లాటిన్ దుకాణాల్లో కొన్నిసార్లే దొరుకుతుంది. దొరకనప్పుడు ఎర్ర క్యాప్సికం ఇంకొంచెం ఎక్కువ వేసుకోవడమే, ఆ వాసన మాత్రం రాదు.

ఉల్లిపాయ మెత్తబడ్డాక నాలుగు టమాటాలు తురిమి వేసి, చెంచా జీలకర్ర పొడి, మిరియాల పొడి, రెండు చెంచాల వూస్టర్ సాస్ కలిపారు. ఆ సాస్‌ని వాళ్లు 'ఇంగ్లీషు సాస్' అంటారు. అందులో విడదీసిన మాంసం, వడకట్టిన నీళ్లు ఒకటిన్నర కప్పు పోసి, మూత సగం తెరిచి, ఇంకో నలభై నిమిషాలు. నీళ్లు ఇగిరి, మసాలా ఒక్కో పీచుకీ పట్టుకుని, గిన్నె అడుగున నూనె ఎర్రగా తేలే వరకు. తర్వాత నేను ఇంట్లో ఒంటరిగా చేసినప్పుడు చేయి ఊరుకోక అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, కొంచెం గరం మసాలా వేశాను. ఆవిడకి పంపితే తిని, "చాలా బాగుంది, కానీ ఇది నీ ఊరి కూర" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కార్నె మెచాదా తీపికి పులుపుకి మధ్య ఎక్కడో నిలబడుతుంది. కారం వేస్తే టమాటా, అహీ దూల్సె రెండూ వినబడవు. ఇప్పుడు నేను కారం వేయను. తినేటప్పుడు పక్కన పచ్చిమిర్చి కొరుక్కుంటాను.

ఈ మాంసమే అన్నం, నల్ల చిక్కుడు గింజలు, వేయించిన పండు అరటికాయ ముక్కలతో పళ్లెంలో పెడితే పబెయోన్ అవుతుంది. అది వాళ్ల జాతీయ వంటకం. ఆదివారం పబెయోన్ చేసి, మిగిలిన మాంసంతో సోమవారం పొద్దున అరేపా నింపుకుంటారు. రెండో రోజుకి మాంసం నిజంగానే ఇంకా బాగుంటుంది.

అసలు పని పిండి కలపడం. నేను మొదటిసారి గిన్నెలో పిండి పోసి నీళ్లు పోశాను. ఆవిడ ఆపి, తిరగేయమన్నారు. ముందు నీళ్లు, తర్వాత పిండి. రెండున్నర కప్పుల గోరువెచ్చని నీళ్లలో చెంచా ఉప్పు కరిగించి రుచి చూడమన్నారు. కొంచెం ఉప్పగా ఉండాలి, పిండి పడ్డాక సరిపోతుంది. తర్వాత ఎడమ చేత్తో రెండు కప్పుల పిండి వర్షంలా రాలుస్తూ, కుడి చేతి వేళ్లతో నీళ్లని గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. మొదట జావలా ఉంటుంది. ఇదేం ముద్ద అవుతుందని అనుకుంటాం. చేయి తీసి ఐదు నిమిషాలు ఆగితే పిండి నీళ్లని తాగేసి గట్టిపడుతుంది. ఆ ఐదు నిమిషాలూ తప్పనిసరి. నేను తొందరపడి ఇంకో గుప్పెడు పిండి వేసిన రోజున అరేపాలు రాయిలా వచ్చాయి.

తర్వాత రెండు మూడు నిమిషాలు అరచేతి మడమతో మెదిపితే ముద్ద నున్నగా అవుతుంది. జొన్న రొట్టె పిండి మెదపడం వచ్చిన వాళ్లకి ఇది సగం తెలిసినట్టే. జొన్నకీ మొక్కజొన్నకీ గోధుమలో ఉండే సాగే గుణం లేదు, తేమే వాటిని పట్టి ఉంచుతుంది. తేడా ఏమిటంటే జొన్న పిండి పచ్చిది, వేడి వేడి నీళ్లు పోస్తే గానీ జిగురు రాదు. ఈ పిండి ముందే ఉడికి వచ్చింది. చిన్న ఉండ చేసి బొటనవేలితో నొక్కితే అంచు పగిలిందా, ఇంకో రెండు చెంచాల నీళ్లు కావాలి. అరచేతికి అంటుకుందా, ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. ఈ రెండు పరీక్షలతో కొలతలు పట్టించుకోనక్కర్లేదని ఆవిడ అన్నారు. నాకు మాత్రం ఆ మాట నిజమవడానికి ఐదారుసార్లు చేయాల్సి వచ్చింది.

రొట్టె చేయడం చూడాలి. మనం జొన్న రొట్టెని పీట మీద తడుతాం. ఆవిడ ఉండని రెండు అరచేతుల మధ్య గాలిలోనే తట్టారు. ఒక్కో దెబ్బకి ఉండ కొంచెం తిరుగుతుంది, కొంచెం చదునవుతుంది. అంచున వచ్చే పగుళ్లని తడి బొటనవేలితో ఎప్పటికప్పుడు మూసేస్తారు. అరచేయంత వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. పలచనైతే మధ్యలో చీల్చడానికి వీలుండదు. కొలంబియాలోనూ అరేపా ఉంది, కానీ అక్కడ చాలాచోట్ల పలచగా చేసి పైన చీజ్ వేసుకుంటారో, పక్కన పెట్టుకుంటారో. చీల్చి కడుపు నింపడం వెనిజులా అలవాటు. ఏ దేశానిది అసలుదని వాళ్ల మధ్య వాదన ఎప్పటికీ తెగదు. ఈ రెండు దేశాలూ లేనప్పటి నుంచీ ఆ నేల మీద మొక్కజొన్న పండించిన జనం ఈ రొట్టె తింటున్నారు.

రెండు కప్పుల పిండికి ఎనిమిది వచ్చాయి. వాళ్లు కాల్చే పెనం పేరు బుదారె. నా ఇనుప దోసె పెనం చూసి ఆవిడ చాలా సంతోషపడ్డారు, ఇంతకంటే మంచిది దొరకదన్నారు. నూనె అద్దిన గుడ్డతో తుడిచినంత చాలు. మధ్యస్థంగా మంట పెట్టి, రొట్టె వేసి, కదపకుండా వదిలేయాలి. పెంకు కట్టాక అదే పెనాన్ని వదులుతుంది. ముందే లేపబోతే కింది పొర పెనానికే ఉండిపోతుంది. ఒక్కో వైపు ఐదారు నిమిషాలు. అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు వచ్చాక తీసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో, అంటే దాదాపు 180 సెల్సియస్‌లో, జాలీ మీదే పావుగంట పెట్టారు. ఓవెన్ లేకపోతే పెనం మీదే మంట తగ్గించి, తిప్పుతూ ఇంకో పావుగంట కాల్చుకోవచ్చు.

అయిందో లేదో చప్పుడు చెప్తుంది. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి నా చెవి దగ్గర పెట్టారు. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలా బోలుగా మోగింది. రెండోది మొద్దుగా పలికింది. దాన్ని మళ్లీ ఓవెన్లో పెట్టారు. ఆ తేడా నా చెవికి ఎక్కడానికి సమయం పట్టింది. ఇప్పుడు ఓవెన్ గంట మోగినా నేను పట్టించుకోను, ఒక్కోటి కొట్టి చూసే తీస్తాను.

పక్క నుంచి కత్తితో మూడు వంతులు చీల్చి, వెనక అంచు అలాగే ఉంచాలి. ఆవిరి వస్తుంది, చేయి జాగ్రత్త. లోపల కొంచెం వెన్న రాసి, మాంసం కూరి, పైన తురిమిన పసుపుపచ్చ చీజ్ వేస్తే దాని పేరు పెలూవా. వెంట్రుకలు ఉన్నది అని అర్థం. మాంసం దారాలు, చీజ్ తీగలు బయటికి వేలాడతాయి మరి. నల్ల చిక్కుళ్లు, తెల్ల చీజ్ పెడితే దొమినో. కోడిమాంసం, అవకాడో, మయొనైజ్ కలిపి పెడితే రేయ్నా పెపియాదా. 1955లో సుసానా దుయిమ్ అనే వెనిజులా అమ్మాయి మిస్ వరల్డ్ అయినప్పుడు, కరాకస్‌లో అరేపా దుకాణం నడిపే అన్నదమ్ములు ఆమె గౌరవంగా పెట్టిన పేరు అది. గొడ్డుమాంసం తినని వాళ్లు దీనితో మొదలుపెట్టవచ్చు. లేదా మేక తొడ మాంసాన్ని ఇదే పద్ధతిలో నిదానంగా ఉడికించి విడదీసుకోవచ్చు. మేకమాంసం వాళ్లకి కొత్తేం కాదు, ఆవిడ సొంత రాష్ట్రం లారా దానికి పేరున్నదే. తూర్పు తీరంలోనైతే 'తల్కారీ దె చీవో' అనే మేక కూర ఉంది. ఆ తల్కారీ మన దేశపు తర్కారీయే. చెరకు తోటల్లో పనికి ట్రినిడాడ్ వెళ్లిన మన వాళ్ల వంట అక్కడి నుంచి సముద్రం దాటి వెళ్లింది. ఆవిడ ఆ పేరు చెప్పినప్పుడు రెండుసార్లు పలికించుకున్నాను.

నింపడానికి ఏమీ లేని అరేపాకి కూడా పేరుంది, వియూదా, అంటే విధవరాలు. సూప్‌తో తింటారు. ఆ పేరు చెప్పి ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. వాళ్లాయన పోయి అప్పటికి నాలుగేళ్లు.

గత డిసెంబర్‌లో జగిత్యాల వెళ్లాను. అమ్మకి చేసి పెట్టాలని పిండి తీసుకెళ్దామనుకున్నాను, సామాను బరువు సరిపోలేదు. వంటింట్లో నిలబడి, అరేపా ఎలా చేస్తారో అమ్మకి చెప్తున్నాను, పొట్టు తీసిన మక్కల్ని ఉడకబెట్టి అని. అమ్మ డబ్బా మూత తీసి చూపించింది. "పొట్టు తీసిన మక్కలంటే గట్కనే గదా బిడ్డా."

నిజమే. దంచి, చెరిగి, పొట్టు పోయిన మక్కల నూకే మా మక్క గట్క. నేను పుట్టి పెరిగిన ఇంట్లోనే పిలోన్ పని అయిపోయి డబ్బాలో ఉంది. రెండు గ్లాసుల నూక కడిగి, నీళ్లు ఎక్కువ పోసి ముప్పావుగంట ఉడికించాం. గట్కకైతే జారుగా దింపుతాం. దీనికి పలుకు వేలితో నలిపితే మెదిగేలా ఉండాలి, జావ కాకూడదు. నీళ్లు పూర్తిగా వార్చి, పళ్లెంలో పరిచి ఆరబెట్టి, గ్రైండర్లో నీళ్లు దాదాపు పోయకుండా రుబ్బాం. ఉప్పు వేసి మెదిపితే ముద్ద కుదిరింది. పాన్ పిండి అంత నున్నగా రాలేదు, అక్కడక్కడ పలుకు తగిలింది. కానీ అంచులు పగలలేదు. రంగు పసుపుపచ్చగా ఉంది, మన మక్కలు అవే కాబట్టి. అమ్మ గొడ్డుమాంసం తినదు. మేక తొడ తెప్పించి రెండు గంటలు సన్న సెగ మీద పెట్టింది. తాలింపులో అహీ దూల్సె లేదు, జాఫ్రా దొరకలేదు. కొంచెం పసుపు, టమాటా, ఉల్లిపాయ, జీలకర్ర, అంతే.

రొట్టె తట్టడం మాత్రం అమ్మకి నేర్పనక్కర్లేదు. పీట కావాలంది, ఇచ్చాను. మొదటిది పలచగా, జొన్న రొట్టెలా వచ్చేసింది. రెండోది మందంగా చేసి, అంచుని తడి వేలితో తిప్పింది. కాలాక నేను కొట్టి అమ్మ చెవి దగ్గర పెట్టాను.

వీడియో తీసి సెన్యోరాకి పంపాను. అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, అయినా వెంటనే ఫోన్ చేశారు. "మాయిస్ పిలాదో! మా అమ్మమ్మ చేసినట్టే!" అని రెండు మూడుసార్లు అన్నారు. దంచిన మక్కల అరేపా తిని ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదట. అమ్మని చూపించమన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చేతులు ఊపారు. తర్వాత ఆవిడ నన్ను అడిగింది రుచి గురించి కాదు. రుబ్బేటప్పుడు వాసన ఎలా వచ్చింది మీహా, అని అడిగారు.

ఉడికిన పొత్తుల వాసన, కొంచెం తీపి, కొంచెం తడి బియ్యం లాంటిది అని చెప్పాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత, "అవును, అదే" అన్నారు.